మూడో రోజు దాకా పిండాన్ని నడిపేది గుడ్డులోని సరుకే

సంపాదకులకు నమస్కారం.

శుక్రకణం గుడ్డులోకి చేరిన క్షణం నుంచే బిడ్డ జన్యువులు పని మొదలుపెడతాయన్న వాక్యం తెలుగు పత్రికల ఆరోగ్య పేజీల్లో, సంతాన సాఫల్య కేంద్రాల కరపత్రాల్లో ఏదో ఒక రూపంలో కనిపిస్తూనే ఉంటుంది. మీ పత్రికా ఇందుకు మినహాయింపు కాదు. చదవడానికి బాగానే ఉంటుంది గానీ అది నిజం కాదు. మనిషి పిండంలో సొంత జన్యువులు గట్టిగా పనిలోకి దిగేది నాలుగు నుంచి ఎనిమిది కణాల దశలో, అంటే ఇంచుమించు మూడో రోజున. అప్పటిదాకా పిండం బతకడం, రెండుగా, నాలుగుగా చీలడం అంతా తల్లి గుడ్డులో ముందే దాచిన సందేశాలతో (తల్లి జన్యువుల నుంచి రాసిపెట్టిన నకళ్లతో), ప్రొటీన్లతో జరిగిపోతుంది. ఇది తరగతి గదికి పరిమితమైన సంగతే అయితే ఈ ఉత్తరం అక్కర్లేదు. విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఐవీఎఫ్ రిపోర్టు చేత్తో పట్టుకుని బయటికొచ్చే దంపతులకు "పిండం మూడో రోజు ఆగిపోయింది" అన్న మాట ఎలా అర్థం కావాలన్నది దీని మీదే ఆధారపడి ఉంది. ఎవరి తప్పు, తర్వాత ఏం చేయాలి, దేనికి డబ్బు పెట్టొచ్చు, దేనికి పెట్టకూడదు అన్నవన్నీ ఇక్కడి నుంచే తేలతాయి.

అసలు సంగతి గుడ్డు పెరిగేటప్పుడే మొదలవుతుంది. అండాశయంలో ఫాలికల్ (గుడ్డు ఉండే చిన్న తిత్తి) పెరుగుతున్నన్నాళ్లూ గుడ్డు కేంద్రకం విరామం లేకుండా పనిచేస్తుంది. డీఎన్ఏ నుంచి వేల రకాల ఎంఆర్ఎన్ఏ సందేశాలు తయారుచేసి, కొన్నింటిని అప్పటికప్పుడు వాడుకుంటూ, కొన్నింటిని పక్కన పెడుతుంది. పూర్తిగా పెరిగిన మనిషి గుడ్డు అడ్డుకొలత 110 నుంచి 120 మైక్రాన్లు. మామూలు శరీర కణాల పక్కన పెడితే అది కొండంత. ఆ సైజుకు వచ్చేసరికి డీఎన్ఏ ముడుచుకుపోయి కేంద్రకం లోపలి న్యూక్లియోలస్ అనే ముద్ద చుట్టూ రింగులా చేరుతుంది, కొత్త సందేశాల తయారీ ఆగిపోతుంది. ఇక ఆ తర్వాత గుడ్డు పరిపక్వమై మొదటి పోలార్ బాడీని (అదనపు క్రోమోజోములున్న చిన్న కణాన్ని) వదలడం, శుక్రకణంతో కలవడం, రెండో పోలార్ బాడీని వదలడం, తల్లి, తండ్రి డీఎన్ఏలను చెరొకటి మోసే రెండు ప్రోన్యూక్లియస్‌లు దగ్గరకు రావడం, మొదటి రెండు మూడు చీలికలు... ఇన్ని పనులు కొత్త సందేశం దాదాపు ఒక్కటీ రాయకుండానే నడవాలి. ఉన్నవాటిలో ఏది ఎప్పుడు చదవాలి, ఏది ఎప్పుడు చింపేయాలి అన్నదే అప్పుడు గుడ్డు చేతిలో ఉన్న అధికారం.

ఆ దాపరికం ఎలా ఉంటుందో కొంచెం దగ్గరగా చూడాలి. ప్రతి ఎంఆర్ఎన్ఏ చివర అడెనిన్లతో అల్లిన తోక ఒకటి ఉంటుంది. తోక పొడుగ్గా ఉంటే రైబోజోములు దాన్ని పట్టుకుని ప్రొటీన్ తయారుచేస్తాయి. దాచాల్సిన సందేశాల తోకలను గుడ్డు కొన్ని పదుల అడెనిన్లకు కత్తిరించేస్తుంది. పైన ఎంఎస్‌వై2 లాంటి ప్రొటీన్లు కప్పుకుంటాయి. ఎలుక గుడ్డులోని మొత్తం ప్రొటీన్లో దాదాపు 2 శాతం ఈ ఒక్క ఎంఎస్‌వై2యే. క్షీరదాల గుడ్లలో ఈ సందేశాలు మైటోకాండ్రియాల చుట్టూ గుంపులుగా చేరి ఉంటాయని 2022లో బయటపడింది. గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో పెట్టిన మిర్చి టిక్కీల్లాంటి వ్యవహారమే ఇది: సరుకు అక్కడే ఉంటుంది, చెడదు, కానీ బాండు విడిపించేదాకా బజారుకు రాదు.

గుడ్డు విషయంలో బాండు విడిపించేది, గుడ్లు పండటానికి వేసే ట్రిగ్గర్ ఇంజెక్షన్. ప్రకృతిలో అయితే ఎల్‌హెచ్ హార్మోన్ ఉప్పెన. ఆ సంకేతం అందగానే గుడ్డులో సీపీఈబీ1 అనే ప్రొటీన్ మీద ఫాస్ఫేట్లు చేరతాయి, దాని అదుపులో ఉన్న సందేశాల తోకలు వందకు పైగా అడెనిన్లకు పెరుగుతాయి. సైక్లిన్ బి1, మాస్ లాంటి ప్రొటీన్లు అలా వరసగా తయారై గుడ్డును పరిపక్వ దశకు నడిపిస్తాయి. అదే సమయంలో గుడ్డు పెరిగేటప్పుడు వాడి వదిలేసిన సందేశాల తోకలు ఊడి అవి కరిగిపోతాయి. ట్రిగ్గర్ వేశాక ఎగ్ పికప్ (గుడ్లు బయటికి తీయడం) సాధారణంగా 34 నుంచి 36 గంటల మధ్య చేయడం అందుకే. ఇంజెక్షన్ రాత్రి పదకొండుకు వేసుకోమంటే టీవీ చూస్తూ పన్నెండున్నరకు వేసుకుని ఆ మాట చెప్పకపోతే, పికప్ నాడు పచ్చి గుడ్లు ఎక్కువ రావడానికి మీరే దారి చేసినట్టు. పచ్చి గుడ్డును రాత్రంతా డిష్‌లో ఉంచితే కేంద్రకం పరిపక్వ దశకు చేరొచ్చు. లోపలి సరుకు విడుదల మాత్రం దానితో సమానంగా నడవదు. అలాంటి గుడ్ల నుంచి వచ్చిన పిండాలు తక్కువగా నిలవడానికి ఒక కారణం ఇదే.

శుక్రకణం వచ్చేటప్పుడు డీఎన్ఏ ఒక్కటే తీసుకురాదు. పీఎల్‌సీ జీటా అనే ఎంజైమును తెస్తుంది. 2002లో ఎలుకల్లో గుర్తించిన ఈ ఎంజైమే గుడ్డులో కాల్షియం అలలు లేపుతుంది. గంటల తరబడి లేచి పడే ఆ అలలే గుడ్డును నిద్ర లేపుతాయి. ఇది లోపిస్తే ఇక్సీ (శుక్రకణాన్ని సూదితో నేరుగా గుడ్డులోకి పంపడం) చేసినా ఫలదీకరణ జరగదు. అలాంటప్పుడు గుడ్డులో కాల్షియం పెంచే రసాయనమైన కాల్షియం అయనోఫోర్‌తో గుడ్డును మేల్కొలుపుతారు. ఒకసారి కూడా ఫలదీకరణ విఫలం కానివాళ్లకు దీన్ని అదనపు ప్యాకేజీగా అమ్మడం మాత్రం మాకు నచ్చదు.

మేల్కొన్నాక పాత సందేశాలను తుడిచిపెట్టే పని ఊపందుకుంటుంది. చాలామంది ఈ భాగాన్ని పట్టించుకోరు. కొత్తది రాయడం ఎంత ముఖ్యమో పాతది చెరపడమూ అంతే ముఖ్యం. తోకలు కత్తిరించే యంత్రాంగాన్ని, అంటే సీసీఆర్4-నాట్ అనే ప్రొటీన్ల గుంపును, సందేశాల దగ్గరకు తీసుకొచ్చేది బీటీజీ4. ఇది లేని ఎలుకల్లో పాత సందేశాలు పేరుకుపోయి పిండాలు ఒకటి రెండు కణాల దగ్గరే ఆగిపోతాయని 2016లో తేలింది. 2020లో ఇదే లోపం కొందరు స్త్రీలలోనూ కనిపించింది. వాళ్ల గుడ్లు చూడటానికి బాగుంటాయి, ఫలదీకరణ చెందుతాయి, రెండు ప్రోన్యూక్లియస్‌లూ కనిపిస్తాయి, చీలిక మాత్రం రాదు. తుడిచే పని రెండు విడతలు. మొదటి విడత గుడ్డు తన సొంత సరుకుతోనే చేస్తుంది. రెండో విడతకు పిండం కొత్తగా తయారుచేసిన ప్రొటీన్లు కూడా కావాలి. అంటే సొంత జన్యువులు తెరుచుకోకపోతే పాత సందేశాలూ పూర్తిగా పోవు.

ఈలోగా తండ్రి డీఎన్ఏను బిగించి ఉంచిన ప్రొటమిన్లనే ప్రొటీన్లు పోయి, మామూలు కణాల్లో డీఎన్ఏ చుట్టుకునే హిస్టోన్లు వస్తాయి. టెట్3 ఎంజైము తండ్రి వైపు డీఎన్ఏ మీది మిథైల్ గుర్తులను చెరపడం మొదలుపెడుతుంది. తల్లి నుంచా తండ్రి నుంచా అని తెలిపే ముద్రలను మాత్రం జెడ్ఎఫ్‌పీ57 లాంటి ప్రొటీన్లు చెరిగిపోకుండా కాపాడతాయి.

ఇక తెరుచుకోవడం. మనిషి పిండంలో ఇది నాలుగు, ఎనిమిది కణాల మధ్య జరుగుతుందని 1988లో పీటర్ బ్రాడ్, వర్జీనియా బోల్టన్, స్టీఫెన్ మూర్ చూపించారు. వాళ్లు వాడింది ఆల్ఫా అమానిటిన్, ఒక రకం పుట్టగొడుగు విషం. కొత్త ఎంఆర్ఎన్ఏ తయారీని అది ఆపేస్తుంది. ఆ విషంలో ఉంచినా పిండాలు నాలుగు కణాల దాకా చీలాయి. ఆ తర్వాత చీలలేదు. నాలుగు కణాల దాకా సొంత జన్యువుల అవసరం లేదనడానికి ఇంతకన్నా సూటి రుజువు వెతకనక్కర్లేదు. ఒకే కణం ఉన్న దశలోనే కొన్ని జన్యువులు సన్నగా మొదలవుతాయని 2022లో ఇంకొందరు చూపించారు. అది నిజమే అయినా, బరువు మోసేది మూడో రోజున వచ్చే పెద్ద అలే.

తాళం తీసేది ఎవరన్న ప్రశ్నకు 2017లో మనిషిలో డక్స్4, ఎలుకలో డక్స్ అని సమాధానం వచ్చింది. ప్రపంచమంతా పత్రికలు దాన్ని "మాస్టర్ జన్యువు" అన్నాయి. 2019లోనే డక్స్ పూర్తిగా లేని ఎలుకలు కూడా పుట్టగలవని తేలింది. 2023లో ఎలుకల్లో ఆబాక్స్ అనే జన్యువుల కుటుంబం దానికన్నా తప్పనిసరి అని కనిపించింది. ఒక్క తాళంచెవి కాదు, గుత్తి. శీర్షికలో "మాస్టర్" అని పెట్టే ముందు ఉపసంపాదకులు ఈ చరిత్ర గుర్తుచేసుకుంటే మేలు. అన్నట్టు, పిండంలో కొద్ది గంటలు వెలిగి ఆరిపోవాల్సిన ఈ డక్స్4 పెద్దయ్యాక కండరాల్లో మళ్లీ వెలిగితే ముఖం, భుజాల కండరాలు క్షీణించే జబ్బు వస్తుంది. ఆరిపోవడం కూడా వెలగడమంత ముఖ్యమే.

ఇప్పుడు రిపోర్టు సంగతికి వద్దాం. ప్రయోగశాలల్లో పిండాన్ని చూసే వేళలు గంటల లెక్కన ఉంటాయి. వీర్యం కలిపిన 17 గంటలకు రెండు ప్రోన్యూక్లియస్‌లు, 44 గంటలకు నాలుగు కణాలు, 68 గంటలకు ఎనిమిది, 116 గంటలకు బ్లాస్టోసిస్ట్ (లోపల నీరు చేరిన బంతిలాంటి పిండం). 2011లో అంతర్జాతీయ నిపుణులు ఇస్తాంబుల్ ఒప్పందం పేరుతో ఖరారు చేసిన వేళలివి, గంటో రెండు గంటలో అటూ ఇటూ. 44వ గంటకు సమానమైన నాలుగు కణాలతో "గ్రేడ్ ఎ" అని రాశారంటే, గుడ్డులోని సరుకు సరిగ్గా దాచారు, సరిగ్గా విడుదలైంది అని అర్థం. పిండం సొంత జన్యువుల సంగతి, అందులో సగమైన తండ్రి జన్యువుల సంగతి, ఇంకా పరీక్షకే రాలేదు. ఆ పరీక్ష మూడో రోజు. అందుకే రెండో రోజు ఫొటో చూసి మురిసిపోయిన పిండం అయిదో రోజుకు మిగలకపోవచ్చు. ఫలదీకరణ చెందినవాటిలో బ్లాస్టోసిస్ట్ దాకా చేరేవి సగం అటూ ఇటూగానే ఉంటాయి. పన్నెండు గుడ్లు వచ్చాయని విని పన్నెండు పిండాలు లెక్కేసుకున్నవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పాలి. ఆఖరున చెప్పడం అన్యాయం.

అలాగని ప్రతివాళ్లూ అయిదో రోజు దాకా ఆగాలనేది మా మాట కాదు. ఒకటో రెండో పిండాలే ఉన్నప్పుడు మూడో రోజే గర్భాశయంలో పెట్టడం సబబే. ఎంత మంచి డిష్ అయినా గర్భాశయం కాదు.

పిండం రెండు, నాలుగు కణాల దగ్గర ఆగిందా, ఎనిమిది దగ్గర ఆగిందా అని అడిగి రాయించుకోండి. "ఎదగలేదు" అన్న ఒక్క మాటతో ఊరుకోవద్దు. మొదటిదైతే గుడ్డు వైపు, రెండోదైతే సొంత జన్యువులు తెరుచుకునే వైపు అనుమానం ఎక్కువ. అనుమానమే, తీర్పు కాదు. రెంటి వెనకా క్రోమోజోముల లెక్క తప్పడం తరచుగా ఉంటుంది. తల్లి వయసుతో గుడ్డులో వచ్చే పొరపాట్లు కొన్ని. మొదటి చీలికల్లో లెక్క సరిచూసే కాపలా బలహీనంగా ఉండటం వల్ల వచ్చేవి ఇంకొన్ని. మూడో కారణం ప్రయోగశాల: ఆక్సిజన్ 5 శాతం బదులు బయటి గాలిలో ఉన్నంత ఉండటం, మీడియా (పిండాన్ని పెంచే ద్రవం) పీహెచ్ 7.2 నుంచి 7.4 మధ్య లేకపోవడం, కొత్తగా వేసిన పెయింటు ఆవిరి. ఆ వారంలో ఇతర దంపతుల పిండాలూ అదే దశలో ఆగాయా అన్నది అడగాల్సిన ప్రశ్న. ఆగి ఉంటే గుడ్డును కాదు, ఇంక్యుబేటరును, మీడియా బ్యాచ్‌ను చూడాలి. మే నెలలో బెజవాడలో బయట 44 డిగ్రీలున్నప్పుడు గుడ్డుకు ఎండ దెబ్బ తగులుతుందేమోనని కొందరు భయపడతారు. ల్యాబులో అసలు భయం చలి. 22 డిగ్రీల ఏసీ గదిలో వేడి ప్లేటు మీద నుంచి డిష్ తీసి పక్కన పెడితే, క్రోమోజోములను పట్టి ఉంచే స్పిండిల్ నిమిషాల్లో విడిపోతుంది. కొత్త సందేశాలు రాసుకోలేని గుడ్డుకు అలాంటి దెబ్బ నుంచి కోలుకునే దారులు తక్కువ.

గుడ్డు సరుకు అనగానే తప్పంతా ఆడమనిషి నెత్తిన వేయడానికి మన ఇళ్లలో అత్తగార్లు సిద్ధంగా ఉంటారు. వాళ్లకు రెండు మాటలు. ఒకటి, గుడ్డులో ఏం దాచాలో ఏ స్త్రీ చేతిలోనూ ఉండదు. ఉపవాసాలతో, బొప్పాయి మానేయడంతో అది మారదు. రెండు, మగవాడి వాటా రెండుచోట్ల ఉంది. పీఎల్‌సీ జీటా, మనిషిలో మొదటి చీలికకు కావలసిన సెంట్రియోల్ శుక్రకణం నుంచే వస్తాయి. అవి లోపిస్తే మొదటి రోజే తెలుస్తుంది. శుక్రకణంలో డీఎన్ఏ తునకలైతే దాని దెబ్బ ఎక్కువగా మూడో రోజు తర్వాత, ఆ జన్యువులు చదవాల్సి వచ్చినప్పుడు బయటపడుతుంది. మొదటి రెండు రోజులు చక్కగా సాగి తర్వాత పిండాలన్నీ ఆగిపోతుంటే భర్త వీర్యాన్ని మళ్లీ పరీక్షించకుండా భార్యకు ఇంజెక్షన్ల డోసు పెంచడం తెలివైన పని కాదు.

మేనరికాల గురించి ఒక ముఖ్యమైన సంగతి ఉంది. కోస్తాలో ఇది తరచూ అవసరమవుతుంది, తరచూ తలకిందులుగా అర్థమవుతుంది. బీటీజీ4 కాక టీఎల్ఈ6, పీఏడీఐ6, ఎన్ఎల్ఆర్‌పీ5 లాంటి జన్యువులు కూడా గుడ్డులో సరుకు పెట్టే పనిలో ఉన్నాయి. వీటి రెండు ప్రతులూ చెడిపోయిన స్త్రీకి ఆరోగ్యం బాగానే ఉంటుంది, నెలసరి సక్రమంగా వస్తుంది, గుడ్లూ వస్తాయి. ఎన్ని సైకిళ్లు చేసినా పిండాలన్నీ దాదాపు ఒకే దశలో ఆగిపోతాయి. ఇక్కడ పిండం జన్యువులు కాదు, తల్లి జన్యువులు నిర్ణయిస్తాయి. అందువల్ల చూడాల్సింది ఆ దంపతుల మేనరికం కాదు. ఆమె తల్లిదండ్రుల మేనరికం. మేనమామను చేసుకున్న అమ్మాయికి ఈ కారణంగా పిండాలు ఆగడం లేదు. మేనమామను చేసుకున్న తల్లికి పుట్టిన అమ్మాయికి ఆగే అవకాశం ఉంది. ఆమె అన్నదమ్ములకు అవే రెండు చెడ్డ ప్రతులు ఉన్నా ఇబ్బంది కనిపించదు, ఎందుకంటే ఆ సరుకు గుడ్డులోనే కావాలి. కుటుంబ చరిత్ర రాసే ఫారంలో "దంపతులది రక్తసంబంధమా" అన్న ఒక్క గడే ఉంటుంది. "భార్య తల్లిదండ్రులది రక్తసంబంధమా" అన్న గడి కూడా చేర్చాలి. అనుమానం బలంగా ఉంటే భార్య రక్తంతో ఎక్సోమ్ పరీక్ష (ప్రొటీన్లు తయారుచేసే జన్యు భాగాలన్నీ చదివే పరీక్ష) చేయిస్తారు. లోపం ఖాయమైతే వీర్యం మార్చి లాభం లేదు, మీడియా మార్చి లాభం లేదు. దాత గుడ్డు ఒక్కటే దారి. నాలుగైదు సైకిళ్ల ఖర్చు పెట్టాక తెలియడం కన్నా రెండో సైకిల్ తర్వాత తెలియడం నయం. ఇదే కోవకు చెందిన ఇంకో జన్యువు ఎన్ఎల్ఆర్‌పీ7. దాని రెండు ప్రతులూ చెడితే మళ్లీ మళ్లీ ముత్యాల గర్భం (మోలార్ ప్రెగ్నెన్సీ) వస్తుంది. 2006లో గుర్తించిన ఈ సంగతి మన దగ్గర ఇప్పటికీ చాలామందికి తెలియదు. రెండుసార్లు ముత్యాల గర్భం వచ్చిన స్త్రీకి ఈ పరీక్ష ప్రస్తావన రావాలి.

"జన్యు పరీక్ష చేసిన పిండం" అన్న మాట ప్రకటనల్లో చూస్తుంటాం. చేసేది సాధారణంగా పీజీటీ-ఏ. అయిదో రోజు బ్లాస్టోసిస్ట్ బయటి పొర నుంచి అయిదు నుంచి పది కణాలు తీసి క్రోమోజోముల లెక్క చూస్తారు. ఏ జన్యువు పని చేస్తోంది, ఏది చేయడం లేదు అన్నది అది చెప్పదు. పిండాన్ని పాడుచేయకుండా అది చెప్పగలిగే పరీక్ష నేడు ఏ క్లినిక్‌లోనూ సాధారణ సేవగా లేదు. 

పరిశోధన వార్తలకు ఇంకో జబ్బుంది. ఎలుకలో చూసిన దాన్ని మనిషికి అంటగట్టడం. ఎలుకలో పెద్ద అల రెండు కణాల దశలోనే వస్తుంది. పందిలో నాలుగు, ఆవు, గొర్రెల్లో ఎనిమిది నుంచి పదహారు కణాల దగ్గర. ఎలుక రెండు కణాల పిండం మీద చేసిన ప్రయోగాన్ని "రెండో రోజు మానవ పిండం" అని రాస్తే వాక్యంలో ఉన్న తప్పు ఒకటి కాదు.

నాగార్జున విశ్వవిద్యాలయం బయోటెక్నాలజీ విద్యార్థులు, గన్నవరం పశువైద్య కళాశాల పీజీలు ఈ రంగంలోకి వస్తున్నారు కాబట్టి వాళ్లకోసం కొలతల గురించి కూడా రాస్తున్నాం. మామూలు పాఠకులు తర్వాతి రెండు పేరాలు దాటేయొచ్చు.

గుడ్డులో ఒక సందేశం పెరిగిందని చెప్పే ముందు అది నిజంగా పెరిగిందా అని చూడాలి. గుడ్డులో మొత్తం 1000 సందేశాలు, అందులో మన జన్యువువి 100 అనుకుందాం. రెండు కణాల దశకు మొత్తం 500కు పడిపోయింది, మన 100 అలాగే ఉంది. వాటా లెక్కన 10 శాతం 20 అయింది. గ్రాఫ్‌లో జన్యువు రెట్టింపైనట్టు కనిపిస్తుంది, కొత్తగా ఒక్క సందేశం కూడా పుట్టలేదు. అందుకే లెక్క తెలిసిన బయటి ఆర్ఎన్ఏను, స్పైక్-ఇన్‌ను, ప్రతి నమూనాలో ఒకే మోతాదులో కలపాలి. అదీ కణాన్ని పగలగొట్టే ద్రవంలోనే, తర్వాత కాదు. జీఏపీడీహెచ్, బీటా యాక్టిన్‌లను స్థిరమైన కొలబద్దలుగా పెట్టుకోవడం ఈ దశల్లో కుదరదు, అవే మారిపోతుంటాయి.

రెండో ఉచ్చు తోకది. ఆలిగో డీటీ ప్రైమరు పొడుగు తోకలను బాగా పట్టుకుంటుంది, పొట్టి తోకలను సరిగా పట్టుకోదు. గుడ్డు పరిపక్వమయ్యేటప్పుడు తోక పెరిగిన సందేశం "కొత్తగా తయారైనట్టు" కనిపిస్తుంది. రాయడమే ఆగిపోయిన కణంలో ఎక్స్‌ప్రెషన్ పెరిగిందని థీసిస్‌లో రాసేవాళ్లు ఇక్కడే పడతారు. రాండమ్ హెక్సామర్లతో పోల్చి చూడాలి. కొత్తదా పాతదా తేల్చడానికి ఇంట్రాన్ల రీడ్లు, తండ్రి వైపు మాత్రమే ఉండే తేడాలు, ఆల్ఫా అమానిటిన్ పెట్టిన జత నమూనా అనే మూడింటిలో కనీసం ఒకటైనా ఉండాలి. మూడో ఉచ్చు మురికి. ఎలుక గుడ్డులో మొత్తం ఆర్ఎన్ఏ 300 నుంచి 500 పికోగ్రాములు. చుట్టూ అంటుకుని ఉండే క్యుములస్ కణం ఒక్కోదానిలో 10 పికోగ్రాముల దాకా ఉంటుంది. ఇరవై క్యుములస్ కణాలు మిగిలిపోతే మీ "గుడ్డు"లో దాదాపు మూడో వంతు గుడ్డుది కాదు. హయలురోనిడేజ్‌లో నిమిషం లోపే ఉంచి, సన్నని పిపెట్‌తో ఒలిచి, కడిగి, ఒక్క కణం కూడా లేదని మైక్రోస్కోపు కింద తిప్పి తిప్పి చూశాకే గొట్టంలో వేయాలి. వేశాక బల్ల మీద పెట్టి టీకి వెళ్లకూడదు. వెంటనే మైనస్ 80.

చివరిగా పాడి రైతులకు. ఒంగోలు జాతి మీద పనిచేసే గుంటూరు లాం పశు పరిశోధన స్థానం చుట్టుపక్కల రైతులకు పిండ మార్పిడి అన్న మాట కొత్త కాదు. ఆవు పిండం సొంత జన్యువులు ఎనిమిది, పదహారు కణాల దగ్గర గానీ పూర్తిగా తెరుచుకోవు. అప్పటిదాకా ఎండ దెబ్బ తట్టుకునే శక్తి దానికి తక్కువ. కృత్రిమ గర్భధారణ సూది వేసిన మర్నాడు ఆవుకు ఎండ దెబ్బ తగిలితే పిండాలు దెబ్బతిన్నాయని, అదే ఎండ మూడు, అయిదు, ఏడో రోజున తగిలితే అంత నష్టం లేదని 1993లో అమెరికాలో చేసిన ప్రయోగం చూపించింది. ప్రయోగశాలలోనూ 41 డిగ్రీల వేడి రెండు కణాల పిండాన్ని దెబ్బతీసినంతగా ముదిరిన పిండాన్ని దెబ్బతీయదు. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో సూది వేయించిన రోజు, ఆ తర్వాత రెండు మూడు రోజులు పశువును మేతకు దూరం తోలవద్దు, ఆటోలో ఎక్కించి తిప్పవద్దు. పాక కింద కట్టి, మధ్యాహ్నం పలుమార్లు ఒళ్లు తడిపి ఫ్యాను గాలి తగలనివ్వండి. నల్లని ఒళ్లు, తక్కువ చెమట గ్రంథులు ఉన్న గేదెకు ఇది ఆవుకన్నా ఎక్కువ అవసరం. సూది తర్వాత ఒక్కటే చల్లబరిచి సరిపెట్టుకోవద్దు. ఫాలికల్‌లో పెరుగుతున్న గుడ్డు కూడా ఎండకు దెబ్బతింటుంది, సరుకు దాచుకునేది అప్పుడే. వేసవి పోయాక కూడా కొన్ని వారాలు చూడి సరిగా కట్టకపోవడానికి కారణం ఇదే, పశువైద్యుణ్ణి తిట్టి ప్రయోజనం లేదు. ఎండాకాలంలోనే చూడి కట్టించాలనుకునేవాళ్లకు ఏడో రోజు పిండాన్ని గర్భాశయంలో పెట్టించడం మంచి దారి. ఎండకు తట్టుకోలేని గుడ్డు దశ, మొదటి చీలికల దశ రెండూ దానికి అప్పటికే గడిచిపోయి ఉంటాయి.

ఇట్లు,
పిండశాస్త్ర ప్రయోగశాలల్లో పనిచేసే కొందరు,
విజయవాడ, గుంటూరు